గోదావరి గట్టు నుంచి ఎడారి కొండకు: సైకిల్ మీద ఒక కఠినమైన రోజుకు పూర్తి ప్రిపరేషన్

దసరా దాటిందంటే చాలు, అమలాపురం, భీమవరం, రాజమండ్రి వైపు సైక్లిస్టుల నుంచి ఒకటే ప్రశ్న. "కచ్ వెళ్తున్నామండీ, ఒక రోజంతా సైకిల్ తొక్కాలనుంది, ఏమేం చూసుకోవాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం వరసగా ఇక్కడ రాస్తున్నాను.

ఉదాహరణకు గుజరాత్‌లోని భుజ్ నుంచి కాలో డూంగర్ కొండ దారి తీసుకుందాం. భుజ్ నుంచి ఖావ్డా సుమారు 70 కిలోమీటర్లు, అక్కడి నుంచి కొండ మీదకు మరో 25. కచ్ జిల్లాలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు అదే, 462 మీటర్లు. దిగి ఖావ్డా చుట్టుపక్కల బస చేస్తే ఆ రోజుకు 120 కిలోమీటర్లు. రాజస్థాన్‌లో ఆరావళి వైపు వెళ్లేవాళ్లకూ ఈ పద్ధతి సరిపోతుంది. లడఖ్, స్పితి సంగతి వేరు. అక్కడ ఎత్తు వల్ల ఆక్సిజన్ తగ్గే సమస్య ఉంటుంది కాబట్టి ఇది చదివి అటు బయల్దేరకండి.

1. ముందు మన అలవాట్ల గురించి

ఎండకు మనం భయపడం. రోహిణి కార్తెలో రాజమండ్రి చూసినవాళ్లకు డిసెంబరు కచ్‌లో మధ్యాహ్నం 26, 28 డిగ్రీలంటే ఒక లెక్కా అనిపిస్తుంది. ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, కారుతుంది. చొక్కా తడిసి వీపుకు అంటుకుంటుంది కాబట్టి నీళ్లు పోతున్న సంగతి మనకు తెలుస్తూనే ఉంటుంది. ఎడారి గాలి పొడిగా ఉంటుంది. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. మూడు గంటలు తొక్కినా చొక్కా పొడిగానే ఉంటుంది, దాని మీద తెల్లటి ఉప్పు చారలు మాత్రం కనిపిస్తాయి. "చెమటే పట్టలేదు, నీళ్లెందుకు" అనుకున్నవాళ్లు మధ్యాహ్నానికి తలనొప్పితో కూర్చుంటారు.

రెండో అలవాటు, నీళ్లు మోయకపోవడం. కోనసీమలో ఏ రోడ్డు మీద వెళ్లినా నాలుగు అడుగులకో ఊరు, ఊరికో టీకొట్టు, కొట్టు పక్కన కొబ్బరిబోండాలు. ఒక్క బాటిల్‌తో వంద కిలోమీటర్లు తిరిగొస్తాం. కచ్‌లో ఒక ఊరు దాటితే మళ్లీ ఊరొచ్చేదాకా ఏమీ దొరకదు.

కాబట్టి ఆ రోజు నీళ్లు, తిండి, వెనక్కి తిరిగే సమయం ఒంటికి అనిపించినదాన్ని బట్టి నడపకూడదు. ముందే కాగితం మీద లెక్క వేసుకుని గడియారం చూస్తూ నడపాలి. కింద రాసినదంతా దీని కోసమే.

2. ఎనిమిది వారాల ప్రాక్టీస్, మన దగ్గరే

వంద కిలోమీటర్లు ఇప్పటికే తొక్కగలిగినవాళ్లకు ఇది. 200 కిలోమీటర్ల బ్రెవే (గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరప్రయాణపు రైడ్) 13 గంటల 30 నిమిషాల గడువులో పూర్తి చేసినవాళ్లయితే దూరం గురించి బెంగ అక్కర్లేదు, కొండ మీద దృష్టి పెట్టండి.

డెల్టాలో కొండలు లేవు కానీ ఎదురుగాలి ఉంది. సముద్రం వైపు వెళ్లే రోడ్ల మీద, అంటే రాజోలు నుంచి అంతర్వేది, అమలాపురం నుంచి ఓడలరేవు, కాకినాడ నుంచి ఉప్పాడ, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి ముఖాన కొడుతుంది. ఎదురుగాలిలో తొక్కడం ఆపితే సైకిల్ వెంటనే ఆగిపోతుంది. ఎక్కుడులోనూ అంతే. అందుకే ఇది మంచి ప్రాక్టీస్.

- 1–3 వారాలు: వారంలో రెండు సార్లు ఎదురుగాలిలో 10 నిమిషాలు గట్టిగా, 5 నిమిషాలు నెమ్మదిగా. ఇలా మూడు విడతలు. సీటు మీద కూర్చునే తొక్కాలి, లేవకూడదు.
- 4–5 వారాలు: వంతెనల ఎక్కుడు. చించినాడ, ఎదుర్లంక, రావులపాలెం వంతెనల అప్రోచ్ రోడ్లు చిన్నవే అయినా పదిసార్లు ఎక్కి దిగితే తొడలకు తెలుస్తుంది. ఆదివారం తెల్లవారాక, లారీలు పలచగా ఉన్నప్పుడే చెయ్యండి. వంతెన మధ్యలో వెనక్కి తిరగొద్దు, పూర్తిగా దాటి అవతల తిరగండి.
- 6–7 వారాలు: మారేడుమిల్లి. రాజమండ్రి నుంచి సుమారు 85 కిలోమీటర్లు. సైకిల్ కారులో వేసుకెళ్లినా పరవాలేదు. అక్కడి నుంచి చింతూరు వైపు ఘాట్ రోడ్డులో దిగి, మళ్లీ ఎక్కండి. ఎక్కడం కన్నా దిగడమే ముఖ్యంగా నేర్చుకోవాలి. మనవాళ్లలో చాలామందికి వరసగా మలుపులున్న దిగుడులో బ్రేకు వేసిన అనుభవం ఉండదు.
- 8వ వారం: తేలిగ్గా తిరగండి. కొత్తగా ఏమీ మొదలుపెట్టొద్దు.

ఈ ఎనిమిది వారాల్లో కనీసం రెండు శని, ఆదివారాలు వరసగా తొక్కండి. మొదటి రోజు 100, మర్నాడు 60. అలసిన కాళ్లతో సీటెక్కడం ఎలా ఉంటుందో ముందే తెలియాలి.

3. సైకిల్ సంగతి

గేర్లతో మొదలుపెడదాం. మన బల్లపరుపు రోడ్ల మీద ఏ గేరైనా నడుస్తుంది కాబట్టి చాలామంది అసలు పళ్లు లెక్కపెట్టరు. ముందు పెడల్ దగ్గరి చిన్న పళ్ల చక్రం 34, వెనక పెద్ద పళ్ల చక్రం 34 పళ్లయితే పెడల్ ఒక చుట్టుకు టైరు ఒక చుట్టు. నిమిషానికి 60 చుట్లు తిప్పితే సుమారు ఏడున్నర కిలోమీటర్ల వేగం వస్తుంది. నిటారు ఎక్కుడుకు అది హాయి. అదే ముందు 39, వెనక 25 ఉంటే ఆ వేగానికి నిమిషానికి 40 చుట్లు కూడా రావు, ప్రతి చుట్టూ మోకాలి మీదే పడుతుంది. వెనక క్యాసెట్ (పళ్ల చక్రాల సెట్) మార్చడానికి అయ్యే ఖర్చు మోకాలి డాక్టరుకయ్యే ఖర్చు కన్నా తక్కువే. కొత్త క్యాసెట్‌కు మీ డిరైలర్ (చైనును గేరు నుంచి గేరుకు మార్చే భాగం) సరిపోతుందో లేదో మెకానిక్‌ను అడిగాకే కొనండి.

తర్వాతది ముళ్లు. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు మనకు కొత్త కాదు. కచ్‌లో సర్కారు తుమ్మ రోడ్డు పక్కన ఎటు చూసినా ఉంటుంది. ట్యూబ్‌లెస్ టైర్లలో సీలెంట్ (చిల్లుల్ని లోపల నుంచే మూసే ద్రవం) పోయించుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. మామూలు ట్యూబులైతే టైరుకూ ట్యూబుకూ మధ్య వేసే లైనర్ పట్టీ వేయించండి. సైకిల్‌ను తారు రోడ్డు మీద నుంచి పక్క మట్టిలోకి నడిపించొద్దు. ఫొటో కోసమైనా, ఒంటేలుకైనా, భుజానికెత్తుకుని వెళ్లండి.

మన వైపు మరో బాధ, ఉప్పుగాలి. తీరం దగ్గర ఉండేవాళ్ల సైకిళ్లకు పెడల్స్, సీటు రాడ్ తుప్పుతో బిగుసుకుపోతాయి. రైలు పార్సిల్‌కు ప్యాక్ చేసే రోజున విప్పబోతే రావు. రెండు వారాల ముందే అన్నీ ఒకసారి విప్పి, గ్రీజు రాసి బిగించండి. ఎడమ పెడల్ మర ఉల్టా అని గుర్తుంచుకోండి.

వెంట ఉండాల్సినవి:

- ట్యూబులు రెండు, ప్యాచ్ కిట్, టైరు లీవర్లు, చేతి పంపు
- అలెన్ కీల సెట్, చైన్ టూల్, ఒక చైన్ లింకు
- మీ సైకిల్‌కు సరిపోయే గేర్ హ్యాంగర్ ఒకటి (వెనక డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క, పార్సిల్‌లో ముందుగా వంగేది ఇదే)
- ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, రిఫ్లెక్టివ్ జాకెట్
- పవర్ బ్యాంక్, గుర్తింపు కార్డు, కొంత చిల్లర నగదు

4. నీళ్ల లెక్క

ముందు మీ చెమట ఎంతో తెలుసుకోండి. ఇంటి దగ్గరే చెయ్యొచ్చు. బయల్దేరే ముందు బరువు చూసుకోండి. ఏటిగట్టు మీద ఒక గంట గట్టిగా తొక్కి, వచ్చి ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడండి. ఉదాహరణకు ముందు 72 కిలోలు, తర్వాత 71.3, మధ్యలో అర లీటరు తాగారు. అంటే పోయింది 0.7, తాగింది 0.5, మొత్తం గంటకు 1.2 లీటర్ల చెమట. ఒక కిలో తగ్గితే సుమారు ఒక లీటరు నీళ్లు పోయినట్టు.

పోయినదంతా అప్పటికప్పుడు తాగక్కర్లేదు, కడుపు పట్టదు కూడా. చాలామందికి గంటకు 600 నుంచి 800 మిల్లీలీటర్లు సరిపోతాయి. ఒకేసారి దించకుండా ప్రతి పావుగంటకూ నాలుగు గుక్కలు తాగండి. వాచీలో అలారం పెట్టుకోండి.

ఎన్ని నీళ్లు మోయాలి? తర్వాత కచ్చితంగా నీళ్లు దొరికే చోటుకు ఎన్ని గంటలు పడుతుందో చూసి, దాన్ని 750 మిల్లీలీటర్లతో గుణించండి. పైన ఒక లీటరు కలపండి. ఖావ్డా నుంచి కొండ మీదకు 25 కిలోమీటర్లు, ఎక్కుడుతో రెండున్నర గంటలు అనుకుంటే సుమారు 1.9 లీటర్లు. స్పేర్ కలిపి మూడు లీటర్లు. బరువు అనిపిస్తుంది, అయినా మోయండి. ఆ అదనపు లీటరు పంక్చరైతే కూర్చునే గంట కోసం.

ఉప్పు మరిచిపోవద్దు. ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి వాంతులు, తికమక వస్తాయి, అది ప్రాణం మీదకు తెస్తుంది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు ఒకటి, కొలత మార్చొద్దు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, స్పూను అంచుకు సమంగా తలకొట్టి. ఒక బాటిల్‌లో ఇది, ఇంకోదాంట్లో మంచినీళ్లు.

మనవాళ్లు నమ్మకంగా అడిగే మాట, "కొబ్బరినీళ్లు చాలవా?" చాలవు. కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది, చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. ఇక్కడ ప్రాక్టీస్‌లో బోండం తాగినా చిటికెడు ఉప్పు వేసుకోవడం అలవాటు చేసుకోండి. అక్కడ మజ్జిగ బాగా దొరుకుతుంది, ఛాస్ అంటారు. ఉప్పు వేయించుకుని తాగితే మంచిది.

5. తిండి

గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కడుపులో పడాలి. ఒక మాదిరి అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటాయి. అరటిపండ్లు, ఖర్జూరం, బెల్లం వేసిన వేరుశనగ ఉండలు, ఇవి చాలు. తాపేశ్వరం కాజా, పూతరేకులు సంచిలో వేసుకెళ్లేవాళ్లున్నారు. పూతరేకులు గంటలో పొడైపోతాయి, కాజా పాకం చేతులకూ హ్యాండిల్‌కూ అంటుకుంటుంది. వాటిని సాయంత్రం బసలో తినండి.

ముందు రోజు రాత్రి అన్నం, పప్పు, పెరుగు, మామూలు భోజనం. కొత్త ఊరు కదా అని కారంగా, నూనెగా ఏదీ తినొద్దు. ఉదయం బయల్దేరే గంట ముందు రాగిజావో, నాలుగు ఇడ్లీలో దొరికితే సరే, లేకపోతే బ్రెడ్డు, అరటిపండు. దారిలో భిరండియారా అనే ఊరి దగ్గర కోవా బాగుంటుందని అందరూ ఆగుతారు. రుచి చూడండి, కడుపునిండా మాత్రం వద్దు, మిగతా ఎక్కుడంతా అది గొంతులోనే ఉంటుంది.

6. టైమ్ షీట్

ఇక్కడ మనవాళ్లు ఊహించని విషయం ఒకటుంది. భారత ప్రామాణిక కాలాన్ని లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ పక్క నుంచే వెళ్తుంది. అంటే మన గడియారం, మన సూర్యుడు కలిసే నడుస్తాయి. భుజ్ దాదాపు 70 డిగ్రీల దగ్గర ఉంది. డిసెంబరు చివర్లో కోనసీమలో ఆరున్నరకు ముందే పొద్దు పొడిస్తే, అక్కడ ఏడుంబావు దాటుతుంది. ఇంటి దగ్గర అలవాటుగా అయిదింటికి బయల్దేరితే రెండు గంటలు చీకట్లో, పది డిగ్రీల చలిలో తొక్కాలి.

డిసెంబరు, జనవరికి నేను సూచించే వరస:

- 6.30: లైట్లు వేసుకుని, జాకెట్‌తో భుజ్ నుంచి బయల్దేరడం. మొదటి గంట కావాలనే నెమ్మదిగా.
- 9.30 లోపు: భిరండియారా. బాటిళ్లు నింపుకోవడం, జాకెట్ విప్పి సన్‌స్క్రీన్, పెదాలకు బామ్ రాసుకోవడం.
- 11.00: ఖావ్డా. భోజనం, ముప్పావుగంట నీడలో విశ్రాంతి. మూడు లీటర్లు నింపుకోవడం.
- 11.45: కొండ వైపు.
- 2.15: పైన.
- 3.00: ఎక్కడున్నా వెనక్కి తిరగడం.
- 4.30: బస. పొద్దు గూకడానికి ఇంకా గంటన్నర ఉంటుంది.

మూడింటికి తిరగాలన్న నియమాన్ని సడలించొద్దు. కొండ ఇంకో రెండు కిలోమీటర్లే ఉన్నా సరే. పైన దత్తాత్రేయుడి గుడి ఉంది. పిఠాపురం వెళ్లొచ్చే మనవాళ్లకు అక్కడ కాసేపు కూర్చోవాలనిపించడం సహజం, దానికోసం ముప్పావుగంట షీట్‌లోనే ఉంచాను.

ఫిబ్రవరి చివర నుంచి ఎండ ముదురుతుంది. అప్పుడు ముందు రోజే ఖావ్డా చేరుకుని, ఉదయం పదకొండులోపు కొండ ఎక్కి దిగేయండి. వానాకాలం రణ్ (కచ్‌లోని ఉప్పు నేలల ఎడారి) నీళ్లలో ఉంటుంది, నవంబరు దాకా ఆగడం మంచిది.

బస ముందే బుక్ చేసుకోండి. తెల్ల రణ్ వైపు కూడా వెళ్లేలా ఉంటే పర్మిట్ కావాలి. రూట్ మ్యాప్ ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దించుకుని, ఊళ్ల పేర్లు, దూరాలు, నీళ్ల చోట్లు కాగితం మీద కూడా రాసి హ్యాండిల్‌కు అంటించండి. సిగ్నల్ పోయే చోట్లు ఉన్నాయి.

7. ఎక్కడం, దిగడం

ఎక్కుడు మొదలవకముందే చిన్న గేరుకు రండి. పెడల్ మీద బరువు పడ్డాక మారిస్తే చైను జారుతుంది.

పక్కవాడితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంలోనే ఎక్కండి. రెండు మాటలకే ఊపిరి ఆడకపోతే వేగం ఎక్కువైనట్టే. నిమిషానికి 60 నుంచి 75 చుట్లు చాలు. చూపు ముందున్న ఇరవై అడుగుల రోడ్డు మీద ఉంచండి. ఎడారిలో గాలి తేటగా ఉంటుంది, అడ్డుగా చెట్టూ పుట్టా ఉండవు కాబట్టి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండ పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. దాన్ని చూసుకుంటూ తొక్కితే టెన్షన్ పెరుగుతుంది తప్ప దారి తరగదు.

మరీ నిటారుగా ఉంటే దిగి నడిపించండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

దిగేటప్పుడు బ్రేకు పట్టుకుని ఉంచెయ్యొద్దు. వేడెక్కితే పట్టు తగ్గుతుంది. గట్టిగా పట్టి వేగం తగ్గించి, వదిలి, మళ్లీ పట్టండి. మలుపు ముందే వేగం తగ్గించుకోవాలి, మలుపులో కాదు. చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉంటే బ్రేకు మీద పట్టు బాగుంటుంది.

రోడ్డు మీద ఇసుక పరుచుకుని ఉంటే బ్రేకు వెయ్యొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. ముందే వేగం తగ్గించి, బరువు కొంచెం వెనక్కి వేసి, నేరుగా పోనివ్వండి. ఒంటెలు, గేదెలు కనిపిస్తే వాటి వెనక వైపు నుంచి దాటండి.

8. తరచూ జరిగే తప్పులు, సరిచేసుకునే దారి

ఉదయం గాలి వాటంలో రెచ్చిపోవడం. వెనక నుంచి గాలి తోస్తుంటే 28, 30 వేగం వస్తుంది, కాళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయనుకుంటాం. తిరుగు దారిలో అదే ఎదురుగాలి. రోడ్డు పక్క గడ్డి ఎటు వంగిందో చూసుకోండి. వాటం గాలైతే షీట్‌లో తిరుగు ప్రయాణానికి పట్టే సమయాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకోండి.

పంక్చర్ వేసి పది నిమిషాల్లో మళ్లీ పంక్చర్. ముల్లు టైరులోనే ఉండిపోయింది. పైనుంచి చూస్తే కనిపించదు, వేళ్లతో తడిమితే గుచ్చుకుంటుంది. ట్యూబు తీశాక పాత నూలు కర్చీఫ్‌ను టైరు లోపలంతా నెమ్మదిగా తిప్పండి. ముల్లు కొస ఉన్నచోట గుడ్డ పోగు పట్టుకుంటుంది. అక్కడ లోపల నుంచి లీవరు కొసతో బయటకు నెట్టండి. ఒకటి దొరికిందని ఆగొద్దు, చుట్టంతా పూర్తిచేయండి. పల్లేరు కాయ ఒకేచోట రెండు ముళ్లు దింపుతుంది.

పిక్కలు పట్టేయడం. ఆగి, కాలు చాపి, పాదాన్ని నెమ్మదిగా మీ వైపు లాగండి. ఓఆర్ఎస్ తాగి పది నిమిషాలు కూర్చోండి. మళ్లీ ఎక్కాక రెండు గేర్లు తేలిక చేసుకోండి.

తొడలు ఒరుసుకుపోవడం. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోవద్దు. బయల్దేరే ముందే వాజిలైన్ రాయండి. మంట మొదలయ్యాక రాస్తే ఉపయోగం తక్కువ. ఆ రోజు కోసం కొత్త షార్ట్స్, కొత్త సీటు అసలు వద్దు.

అరచేతులు తిమ్మిరెక్కడం. ప్రతి పావుగంటకూ నీళ్ల అలారం మోగినప్పుడే చేతులు హ్యాండిల్ మీద చోటు మార్చండి.

9. ఎప్పుడు ఆపెయ్యాలి

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దిగి, నీడ చూసుకోండి:

- ఎండలో ఉన్నా ఒళ్లు జలదరించడం, రోమాలు నిక్కబొడుచుకోవడం
- కళ్లు తిరగడం, వికారం, తగ్గని తలనొప్పి
- నాలుగైదు గంటలుగా మూత్రం రాకపోవడం, వచ్చినా ముదురు రంగులో ఉండటం

హెల్మెట్ తీసి, తలా మెడా తడిపి, గాలి విసరాలి. ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా పట్టాలి. అరగంటలో తేరుకోకపోతే ఆ రోజు రైడ్ అయిపోయినట్టే, వచ్చే జీపు ఆపి సైకిల్ ఎక్కించండి.

తోటి మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, అడిగినదానికి జవాబు చెప్పలేకపోతున్నా అది వడదెబ్బే అనుకోండి. నోట్లో నీళ్లు పొయ్యొద్దు. ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి విసురుతూ 108కి ఫోన్ చేయండి. మన దగ్గరలాగే గుజరాత్‌లోనూ అదే నంబరు, 112 కూడా పనిచేస్తుంది. అందుకే ఒంటరిగా వెళ్లొద్దని గట్టిగా చెప్తున్నాను. కనీసం ఇద్దరు, ఒకరికొకరు కనిపించే దూరంలో.

10. బసకు చేరాక

మొదటి గంటలో ఉప్పు ఉన్న తిండి తినండి, నీళ్లు నిదానంగా తాగండి. బరువు చూసే వీలుంటే చూసుకోండి. కిలోన్నర దాటి తగ్గి ఉంటే మర్నాటికి ఇంకో రైడ్ పెట్టుకోవద్దు. సాయంత్రం చలి గబుక్కున దిగుతుంది, తడి బట్టలు వెంటనే మార్చుకోండి.

ఎంత అలసటగా ఉన్నా ఆ రాత్రే సైకిల్‌ను పొడిగుడ్డతో తుడవండి. రణ్ దుమ్ములో ఉప్పు ఉంటుంది. చైను తుడిచి, రెండు చుక్కల నూనె వేసి, అదనంగా ఉన్నది గుడ్డతో తీసెయ్యండి. అలాగే పార్సిల్‌లో పడేస్తే రాజమండ్రి స్టేషన్లో దించేసరికి చైను లింకులు కదలవు.